పారిపోనన్న ఖైదీ, పారిపోతాడన్న ఫైలు

2021 ఫిబ్రవరిలో నన్ను ములాఖత్ విభాగానికి ఇన్‌చార్జిగా వేశారు. సూరత్ నుంచి కిమ్ అనే ఊరికి వెళ్లే దారిలో ఉన్న ఒక జిల్లా జైలది. పేరు చెప్పి పాత సహోద్యోగుల నిద్ర పాడుచేయను. నా హోదా జైలర్, గ్రూప్ టూ. జైలర్ అనగానే బయటివాళ్లు నడుముకు తాళాల గుత్తిని ఊహించుకుంటారు. అప్పటికి నా నడుముకు ఉన్నది వెన్నునొప్పి బెల్టు. తాళాలు సిపాయిల దగ్గర ఉంటాయి. సిపాయి మీద హవల్దారు, అతని మీద సుబేదారు, అతని మీద నేను, నా మీద సూపరింటెండెంటు, ఆయన మీద అహ్మదాబాద్‌లోని పెద్ద కార్యాలయం. తప్పు జరిగినప్పుడు ఈ మెట్లన్నీ పైనుంచి కిందికి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మిగతా రోజుల్లో వాటి మీద ఎవరూ నడిచినట్టు కనిపించదు.

రిటైర్మెంటుకు ఏడాది కూడా లేనివాణ్ణి ములాఖత్‌కు వేయడమంటే మర్యాదగా పక్కన కూర్చోబెట్టడం. ములాఖత్ అంటే ఖైదీని ఇంటివాళ్లు వచ్చి చూడడం. వచ్చినవాళ్లు గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి పేరు రాయించుకోవాలి. తెచ్చిన బట్టలూ సబ్బులూ తనిఖీకి ఇవ్వాలి. పిలుపు వచ్చేదాకా రేకుల షెడ్డు కింద కూర్చోవాలి. పిలుపు వచ్చాక ఇరవై నిమిషాలు. అంతసేపూ ఒక ఉద్యోగి దగ్గరుండి వాళ్ల మాటలు వినాలి. అందుకే ములాఖత్‌లో ఆ ఉద్యోగికి అర్థమయ్యే భాషలోనే మాట్లాడాలని మా మాన్యువల్‌లో ఒక నియమం ఉంది. ఈ నియమం రాసిన పెద్దమనిషి ఎప్పుడూ సూరత్ జైలు చూసి ఉండడు. ఇక్కడ ఒక్కో బ్యారక్‌లో ఒడియా, భోజ్‌పురి, మరాఠీ, మన తెలుగు, వరాఛా పేట వజ్రాల పనివాళ్ల కాఠియావాడీ గుజరాతీ యాస అన్నీ ఒకే గిన్నెలో పప్పు తింటుంటాయి.

మొదటి లాక్‌డౌన్‌తో ములాఖత్‌లు ఆగిపోయాయి. చాలా నెలల తర్వాత తెరిచినప్పుడు పాత ఇనుప జాలీ తీసేసి అద్దాలు బిగించారు. అద్దానికి అటొకటి, ఇటొకటి ఇంటర్‌కం ఫోన్లు పెట్టారు. ఒక్కో ములాఖత్ అయ్యాక ఫోన్లను శానిటైజ్ చేయాలని ఉత్తర్వు వచ్చింది. గుడ్డతో తుడవాలని అందులో లేదు కాబట్టి మా సిపాయిలు మాట్లాడే చిల్లుల్లోకి నేరుగా స్ప్రే కొట్టారు. రెండో వారం దాటకుండానే ఫోన్లన్నీ మూగబోయాయి. కొత్తవాటికి ప్రతిపాదన పంపితే, పాతవి ఎందుకు చెడిపోయాయో విచారించి రాయమని జవాబు వచ్చింది. విచారణాధికారిగా నన్నే వేశారు. తడి వల్ల అని రాశాను.

ఇక ములాఖత్ హాల్లో మాస్కులు కట్టుకున్న జనం అద్దానికి అటూ ఇటూ నిలబడి గొంతు చించుకునేవాళ్లు. పక్కవాడి అరుపు తప్ప ఎవరికీ ఏమీ వినబడేది కాదు. తల్లులు ఏడ్చి, కొడుకులు కూడా ఏడ్చి, సమయం అయిపోయి వెళ్లిపోయేవాళ్లు. ఆ హాలు మొత్తంలో తాపీగా మాట్లాడుకునే జంట ఒక్కటే ఉండేది, రాజేశం, అతని భార్య భాగ్య. వాళ్లు నోరు తెరిచేవాళ్లు కారు. చేతులతో మాట్లాడుకునేవాళ్లు.

రాజేశం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మగ్గం పనివాడు. సూరత్‌లో మరమగ్గాల షెడ్డును ఖాతా అంటారు. లాక్‌డౌన్‌లో ఖాతా మూసి ఉండగా నూలు డబ్బాలు మాయమయ్యాయని శేఠ్ పెట్టిన కేసులో విచారణ ఖైదీగా మా దగ్గరికి వచ్చాడు. మనిషి సన్నం. అంతకుముందు టీబీకి మందులు వాడినవాడు. భాగ్య అదే ఖాతాలో ఆ చివర కండెలు చుట్టే మిషన్ మీద పనిచేసేది. ఊరివాళ్లంతా మొదటి విడతలోనే మూటలు కట్టుకుని కరీంనగర్ దారి పట్టారు. మొగుడు లోపల ఉన్నాడని ఆమె ఒక్కతే లింబాయత్‌లోని గదిలో ఉండిపోయింది. ఆమెకు సూరత్‌లో తనవాడంటూ ఉన్నది మా జైల్లో ఉన్నవాడే.

వీళ్లను మొదట పట్టింది ప్రవీణ్‌భాయ్ అనే హవల్దారు. నిజాయితీపరుడు, చురుకైనవాడు. ఈ రెండు లక్షణాలూ ఒకే మనిషిలో ఉంటే పై అధికారికి పని పెరుగుతుంది. ఆయన ఇచ్చిన రిపోర్టు సారాంశం ఇది. సదరు ఖైదీ భార్య గాలిలో తాడు లాగినట్టు సైగ చేసింది. రెండు పిడికిళ్లను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పింది, అంటే తవ్వకం. వేలితో పైకప్పు చూపించింది, అంటే దారి. చివర అరచేతిని కిందికి నొక్కింది, అంటే సమయం వచ్చేదాకా నక్కి ఉండమని. ఇది పారిపోయే పథకం అని ఆయన తేల్చాడు.

సూపరింటెండెంటు సాహెబ్ ఆ రిపోర్టు చదివి మంచినీళ్లు తాగారు. కొద్ది నెలల్లో ఆయనకు ప్రమోషన్ ఉంది. ఒక ఖైదీ గోడ దూకితే గోడకంటే ముందు కూలేది ప్రమోషన్. ఆయన నన్ను పిలిచి, చేతి సైగలు మాన్యువల్ ప్రకారం భాష కిందికి వస్తాయా రావా అని అడిగారు. అహ్మదాబాద్‌కు రాసి కనుక్కోవచ్చని నేను వినయంగా చెప్పాను. రాశారు. నిబంధనల ప్రకారం చర్య తీసుకోండి అని జవాబు వచ్చింది. దాంతో సాహెబ్ నన్నే ఆ జంటకు అనువాదకుడిగా నియమించారు. నేను తెలుగువాణ్ణి, వాళ్లూ తెలుగువాళ్లే. తెలుగువాళ్ల చేతులు కూడా తెలుగులోనే కదులుతాయని ఆయన నమ్మకం.

నమ్మకం తప్పే గానీ ఎంపిక తప్పు కాదు. మా నాన్న కూడా ఖాతాలోనే పనిచేశాడు. మునిసిపాలిటీ తెలుగు బడి నుంచి వస్తూ నేను ఆయనకు అన్నం డబ్బా తీసుకెళ్లేవాణ్ణి. వందల మగ్గాలు ఒకేసారి కొట్టుకునే చోట నోటితో పనిలేదు. పోగు తెగిందనో, పడుగు చుట్టిన బీము అయిపోయిందనో, మేస్త్రీ వస్తున్నాడనో అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ దాంట్లోకే ఇంటి సంగతులూ, కూర సంగతులూ, అలకలూ వచ్చి చేరతాయి. నాన్న నన్ను తిట్టిన తిట్లు కూడా సగం ఆ భాషలోనివే.

రాజేశాన్ని ఆఫీసుకు పిలిపించి అడిగితే అతను ఆశ్చర్యంగా నావైపు చూశాడు. “సార్, గివి ఖాతల మాటలు. మోతల నోరు పనిజెయ్యది, చేతులే మాట్లాడుతయ్. తాడు గాదు సార్ అది, పోగు. పిడికిళ్లు తిప్పుడంటే కండెలు జుట్టుడు. గదిల కరెంటు పోతుందని మీదికి జూపిచ్చింది. గంతే” అన్నాడు. అరచేయి కిందికి నొక్కడం సంగతి అడిగాను. అది మగ్గం ఆపమని చెప్పే సైగ, ఇంట్లో వాడితే కదలకుండా కూర్చోమని అర్థం అన్నాడు. ఎందుకు కూర్చోమంటోందో మాత్రం చెప్పలేదు.

మాటతో సరిపెట్టుకోవడం మా శాఖలో లేదు కాబట్టి ప్రత్యక్ష పరీక్ష పెట్టారు. అద్దానికి అటు భాగ్యను, ఇటు రాజేశాన్ని నిలబెట్టారు. సాహెబ్, సుబేదారు, ప్రవీణ్‌భాయ్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎప్పటిలాగే మాట్లాడుకోండి అని ఆజ్ఞ అయింది. భాగ్య మమ్మల్నందరినీ ఒక చూపు చూసి, నడుమ కూర్చున్నాయన ఎవరని చేత్తో అడిగింది. మగ్గం ఆగినా జీతం ఆగని మేస్త్రీ అని రాజేశం జవాబిచ్చాడు. ఏమంటున్నారని సాహెబ్ అడిగారు. తమరి ఆరోగ్యం గురించి అడుగుతున్నారని హిందీలో అనువదించాను. హిందీ తెలిసిన రాజేశం మాస్కు నవ్వుకు అదిరింది. సాహెబ్ సంతోషించి, మంచి మనుషులే అన్నారు. అయినా ఫైలు మూయలేదు. మూస్తే, రేపేదైనా జరిగితే మూసినవాడి సంతకం ఉంటుంది. “అనుమానం పెండింగ్” అని రాసి బల్ల మీదే ఉంచారు.

మార్చి చివరికి రోగం మళ్లీ విరుచుకుపడింది. ములాఖత్‌లు మళ్లీ బంద్ అయ్యాయి. ఊళ్లో పగలంతా అంబులెన్సుల మోత. జైళ్లలో రద్దీ తగ్గించడానికి, చిన్న కేసుల్లోని విచారణ ఖైదీలను సొంత పూచీకత్తు మీద తాత్కాలికంగా వదలాలని కోర్టు చెప్పి వేయించిన హైపవర్ కమిటీ నిర్ణయించింది. మా జైలు జాబితాలో రాజేశం పేరు వచ్చింది. వెళ్లడం ఇష్టం లేనివాళ్లను బలవంతంగా పంపకూడదని అందులోనే ఇంకో మాట ఉంది. నా ఉద్యోగ జీవితంలో ఎవరికీ పనికిరాదనుకున్న వాక్యమది. రాజేశం వచ్చి, నేను పోను సార్ అన్నాడు.

కారణం అప్పుడు బయటపడింది. ఖైదీలను వదులుతారన్న మాట బయట విని, చివరి ములాఖత్‌లో భాగ్య మళ్లీ అరచేతిని కిందికి నొక్కింది దీని గురించే. ఖాతా మళ్లీ మూసేశారు, వాళ్ల మేడలో ఇంటికొకరు పడుకుని ఉన్నారు, నీ ఊపిరితిత్తులకు ఇది సోకితే తట్టుకోలేవు, లోపలే ఉండు అంది. జైల్లో డాక్టరు ఉంటాడని ఆమె ధైర్యం. ఉంటాడు, మంగళవారాల్లో.

ఆ విధంగా నా బల్ల మీద ఒకే మనిషి గురించి రెండు ఫైళ్లు చేరాయి. మొదటిదాని ప్రకారం రాజేశం ఏ క్షణమైనా పారిపోయే మనిషి. రెండోదాని ప్రకారం తలుపు తీసి పట్టుకున్నా కదలని మనిషి. సాహెబ్ రెండింటినీ శ్రద్ధగా చదివి, రెండింటి మీదా “చూశాను” అని సంతకం పెట్టారు.

మే నెలలో వీడియో ములాఖత్‌లు మొదలయ్యాయి. ఒక గదిలో టాబ్లెట్ పెట్టి, ఖైదీని కుర్చీలో కూర్చోబెట్టి ఇంటికి కాల్ కలుపుతారు. ఖైదీలు దొంగతనంగా ఫోన్లు వాడకుండా మా జైల్లో జామర్ ఉంది. అది దొంగ ఫోన్లను ఏనాడూ ఆపలేదు కానీ మా ప్రభుత్వ వీడియో కాల్‌ను చక్కగా పట్టుకుంది. బొమ్మ వచ్చేది, గొంతు వచ్చేది కాదు. మిగతా ఖైదీలు ఇచ్చిన సమయమంతా హలో హలో అని అరిచి లేచిపోయేవాళ్లు. రాజేశం వంతు వచ్చినప్పుడు మాత్రం యంత్రానికి ఏ లోపమూ లేనట్టే ఉండేది.

ఆ రోజు కాల్‌కు నేనే ఉన్నాను. భాగ్య ఫోన్‌ను దేనికో ఆనించి, గోడ పక్కన కూర్చుని ఉంది. ఆమె చెప్పింది నేను ఒక్క మాటా వదలకుండా చదివాను. నేను మంచిగున్న. పోగు తెగలేదు, మగ్గం నడుస్తున్నది, అంటే అంతా సవ్యమేనని. తిన్న. నువ్వు కదలకు. చివర అరచేయి కిందికి నొక్కింది. నేను రిజిస్టర్‌లో “క్షేమ సమాచారం, అనుమానాస్పదం ఏమీ లేదు” అని రాసుకున్నాను. కాల్ కట్ అయ్యాక కూడా రాజేశం కుర్చీలోంచి లేవలేదు.

“సార్, నా పేరు మళ్ల ఎక్కించుండ్రి. నేను పోవాలె” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మొన్ననే పోనని రాసిచ్చావు, ఇప్పుడు ఆమె బాగున్నానని, రావద్దని చెబితే వెళ్తానంటావేమిటి, నేనూ చూశాను కదా అన్నాను.

“మీరు ఏం జెప్పిందో జూసిండ్రు సార్, ఎట్ల జెప్పిందో జూడలే. ఖాతల ఆమె చెయ్యి లేసిందంటే ముచ్చట అయిపోయేదాంక దిగది. ఇయ్యాల మాటమాటకు చెయ్యి దించి ఒళ్లె పెట్టుకున్నది. ఇంకో చెయ్యి గోడకు ఆనిచ్చే ఉన్నది. ఆమెకు ఊపిరి అందుతలేదు సార్.”

నేనతన్ని బ్యారక్‌కు పంపి, ఆఫీసు ల్యాండ్‌లైన్ నుంచి భాగ్యకు ఫోన్ చేశాను. ఆ తీగకు జామర్ అడ్డు లేదు. నేనెవరో చెప్పగానే, “సారూ, మీరు మనోళ్లేనట గదా” అంది. అక్కడ ఆగింది. “ఆయనను పంపకుండ్రి.” మళ్లీ ఆగింది. “ఆయన ఊపిరితిత్తులు మంచిగ లేవు... నాకేం గాలే, జర దగ్గు” అంది. ఆ జర దగ్గు మొదలై ఎంతకీ ఆగలేదు. రాజేశం కళ్లతో చూసింది నాకు చెవులతో వినబడింది. భయం వేసింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వరసలో ఉన్నారు, ఆగండి అని ఒక మంచి గొంతు చెబుతూనే ఉంది. కొంతసేపటి తర్వాత ఆ గొంతు కూడా కట్ అయింది.

సాహెబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన రెండు అభ్యంతరాలు చెప్పారు. ఖైదీ తిరస్కరించాడు కాబట్టి పేరు జాబితాలోంచి పోయినట్టే, కమిటీ మళ్లీ కూర్చునేదాకా ఆగాలి. రెండోది, పారిపోతాడన్న అనుమానం పెండింగ్‌లో ఉన్నవాణ్ణి ఎలా వదులుతాం? మొదటిదానికి దేవుడే దారి చూపించాడు. తిరస్కారాలను పైకి పంపాల్సిన గుమాస్తా క్వారంటైన్‌లో ఉన్నాడు. రాజేశం తిరస్కరించిన సంగతి ఇంకా మా గడప దాటలేదు. విడుదల ఉత్తర్వులో అతని పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఒక ఉద్యోగి పని చేయకపోవడం వల్ల ఒక మనిషికి ఇంత మేలు జరగడం నేను అంతకుముందు చూడలేదు.

రెండోదానికి నేనే మందు వేశాను. సాహెబ్, ఇతను లోపలుండగా పారిపోతే బాధ్యత మనది, మనమే ఉత్తర్వు ప్రకారం గేటు తీసి పంపిస్తే ఇక పారిపోవడానికి అతనికి జైలే ఉండదు, అనుమానం దానంతటదే తీరిపోతుంది అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రవీణ్‌భాయ్ రిపోర్టు ఇచ్చిన నాటి నుంచి ఆయన ముఖంలో అంత ప్రశాంతత నేను చూడలేదు. “అంటే, వదిలేస్తే పారిపోలేడు” అన్నారు. పారిపోలేడు సాహెబ్ అన్నాను. వెంటనే సంతకం పెట్టారు. ఒక ఆడమనిషి ఊపిరి అందక గోడకు ఆనుకుని ఉందన్న సంగతి కూడా చెప్పాను. అయ్యో అన్నారు. కానీ సంతకం పెట్టించింది ఆ మాట కాదు.

లాకప్ గంట కొట్టకముందే ఒంటి గుర్తులు సరిచూసి, పూచీకత్తు రాయించుకుని, అతని బట్టలు అతనికిచ్చి గేటు దాటించాం. బయట ఆటోలు లేవు, కర్ఫ్యూ. రాజేశం రోడ్డు వైపు చూసి నడవడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు డ్యూటీ దిగిన ప్రవీణ్‌భాయ్ తన మోటార్‌సైకిల్ తీశాడు. కర్ఫ్యూలో యూనిఫామ్‌ను ఎవరూ ఆపరు. కూర్చో అని గుజరాతీలో కసిరాడు. తాను కనిపెట్టిన పారిపోయే ఖైదీని తన బండి మీదే ఎక్కించుకుని ఊళ్లోకి తీసుకెళ్లాడు. ఆయన మీద నాకు అంతవరకూ లేని గౌరవం ఆ సాయంత్రం కలిగింది.

మిగతాది ప్రవీణ్‌భాయ్ చెప్పగా విన్నది. భాగ్య గోడ పక్కనే ఉంది, పిలిస్తే పలకలేదు. ఆమెను ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని అదే బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు. మంచాలు లేవంటే రాజేశం పట్టుబట్టి ఆమెకు వరండాలోనే ఆక్సిజన్ పెట్టించాడు. ఇంకో రాత్రి ఆలస్యమైతే మాకు చూపించాల్సిన పని ఉండేది కాదని అక్కడి డాక్టరు హవల్దారుకు చెప్పాడట. ఆమె బతికింది. రాజేశానికి ఏమీ కాలేదు. ప్రవీణ్‌భాయ్‌ను మాత్రం క్వారంటైన్‌లో పెట్టారు, అనుమతి లేకుండా ఖైదీని బండి మీద ఎక్కించుకున్నందుకు సంజాయిషీ అడిగారు. విడుదలైనవాడు ఖైదీ కాడని జవాబు నేను రాసిచ్చాను.

గడువు ముగిశాక రాజేశం తనంతట తానే గేటు దగ్గరికి వచ్చి లొంగిపోయాడు. పక్కన భాగ్య ఉంది, మనిషి సగమైంది. లోపలికి వెళ్లబోతూ అతను వెనక్కి తిరిగాడు. ఆమె ఏదో చెప్పింది. చెయ్యి లేచింది, ముచ్చట అయిపోయేదాకా దిగలేదు. పక్కనున్న ప్రవీణ్‌భాయ్, ఏమంటోందని అడిగాడు. బాగున్నానంటోందని చెప్పాను. నిజమేనా అన్నాడు. ఈసారి నిజమే అన్నాను.

ఆ ఏడాది చివర నేను రిటైరయ్యాను. ఆ తర్వాత రాజేశం మీద కేసు కొట్టేశారని విన్నాను. నూలు డబ్బాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. పారిపోతాడన్న ఫైలు మీద అహ్మదాబాద్ నుంచి ఒక ప్రశ్న వచ్చింది, సదరు ఖైదీ ప్రస్తుత పరిస్థితి తెలపమని. గేటు గుండా వెళ్లాడు, గేటు గుండా వచ్చాడు అని రాశాను. సమాధానం సంతృప్తికరంగా లేదని మళ్లీ రాశారు.

ఉద్యోగికి అర్థమయ్యే భాషలో మాట్లాడాలన్న నియమం ఇప్పటికీ మాన్యువల్‌లో ఉంది. ఆ భాష నాకు వచ్చు, ఆ రోజు చేసిన అనువాదంలో ఒక్క పొరపాటూ లేదు. అయినా నాకు ఏమీ అర్థం కాలేదు. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు చెప్పగలిగింది ఇంతే, కాపలా కూర్చున్నవాడు మాటలు వింటాడు, మనిషిని చూసేది ఎదుట కూర్చున్నవాడు. చూసినవాణ్ణి అడిగి తెలుసుకున్నాకే రాయాలి. నా రిజిస్టర్‌లో ఆ రోజు భాగ్య పేరు ఎదురుగా “క్షేమ సమాచారం” అనే ఉంది. ఒకసారి సంతకమైన పేజీని దిద్దే అధికారం జైలర్‌కు లేదు.